డబ్బాలో పెరిగిన మందు

ఆ పొద్దున ఆకాశం దుమ్ము పట్టి, బట్టలు ఉతికిన నీళ్ళ రంగులో ఉంది. సూర్యుడు ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ ఒకటి కనపడుతోంది, అంతే. నరసింహులు ఒకసారి అటు చూసి, జేబులో వకీలు ఇచ్చిన కాగితం ఉందో లేదో తడుముకుని, పోలీస్ స్టేషన్ మెట్లెక్కాడు. అప్పటికి ఏడున్నర.

అతను కడప ఆర్మ్‌డ్ రిజర్వులో ఇరవై రెండేళ్ళు తుపాకులు విప్పి బిగించిన హెడ్ కానిస్టేబుల్. రిటైరయ్యాక కువైట్ వచ్చి ఒక అరబ్బు వకీలు దగ్గర చేరాడు. తెలుగువాళ్ళ మీద కేసు పడితే పోయి నిజమేమిటో కనుక్కుని రావడం అతని పని. మాట తక్కువ. ఎదుటి మనిషి మాటలకన్నా చేతుల్నే ఎక్కువ చూస్తాడు.

ఈసారి కేసులో నిజం కనుక్కునేదేమీ మిగల్లేదని అందరూ అన్నారు. కువైట్ శివారు సబ్హాన్‌లో చిన్న ప్రైవేటు షూటింగ్ క్లబ్బు ఒకటుంది. మెంబర్లు కాల్చే మాగ్నం రివాల్వర్ తూటాలను అక్కడి వర్క్‌షాపులోనే చేత్తో నింపుతారు. కొత్తగా నింపిన వాటిలో మొదటి ఆరూ క్లబ్బు మనిషే కాల్చి చూడాలి. ఆ పని ఖాసిం వలిది, ఊరు రాయచోటి. ఆదివారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి రెండు తూటాలు సవ్యంగానే పోయాయి. మూడోదానికి రివాల్వర్‌లో తూటాలు పెట్టే చక్రం చీలింది. ఇనుప ముక్క ఒకటి మెడలో దిగింది. పెట్టుకున్న అద్దాలు అతని కళ్ళను కాపాడాయి గానీ ప్రాణాన్ని కాపాడలేకపోయాయి.

ఆ తూటాలను ముందురోజు శనివారం నింపింది మద్దిలేటి. ఒక తూటా గుల్లలో పొరపాటున రెండుసార్లు తుపాకిమందు పోశానని ఆ సాయంత్రమే రాసి వేలిముద్ర వేశాడు.

మద్దిలేటిని తెచ్చి ఎదుట కూర్చోబెట్టారు. నలభై దాటిన మనిషి. గోళ్ళు పొట్టిగా, శుభ్రంగా ఉన్నాయి.

"ఏ ఊరు నాయనా?"

"లక్కిరెడ్డిపల్లె కాడ సార్."

"ఎన్నేండ్లుగా నింపుతాండావు?"

"ఆరేండ్లు."

"ఎట్ల నింపుతావో చెప్పు. నాకేం తెలీదనుకోని చెప్పు."

మద్దిలేటి తల దించుకునే మొదలుపెట్టాడు. చెప్పేకొద్దీ అతని గొంతు నిటారుగా నిలబడింది.

"బల్ల మీద ఒగటే మందు డబ్బా పెడతా సార్. రెండోది అల్మారాలో తాళంలోనే ఉండాల. ఖాళీ గుల్లలన్నీ బోర్ల పెడతా. మందు పోసిందాన్నే నిలబెడతా. అట్లయితే ఏది పోసింది, ఏది పోయనిది అని అనుమానం రాదు. యాభై నిండినాక లైటు పట్టుకోని ఒక్కోదాంట్లోకి తొంగి చూస్తా. అన్నిట్లోనూ మందు ఒకే ఎత్తున ఉండాల. అది చూసినాకనే గుండు కూర్చోబెట్టేది. మధ్యలో ఎవురు పిలిచినా పలకను. పలికితే చేతిలో గుల్లను వొంపేసి మళ్ళ మొదటినుంచీ వస్తా."

"శనివారం ఎవురన్నా పిలిచినారా?"

"పిలిచినారు."

"ఎవురు?"

"గురుతు లేదు సార్. పలికినా. ఆ పలకడంలోనే రెండుమార్లు పడింది."

"ఆ మందు ఒక మారు పోస్తే గుల్లలో యాడికి వస్తాది?"

"సగం దాటి వస్తాది."

"ఇంగొక మారు పోస్తే?"

మద్దిలేటి తన గోళ్ళు చూసుకున్నాడు.

"పొంగి బల్ల మీద పడతాది గదప్పా. పొరపాటు జరిగితే కంటికి కనపడాలనే గదా అట్లాంటి మందును ఏరుకునేది. పొంగినదాని మీద గుండు ఎట్ల కూర్చోబెట్టినావు?"

"ఏమో సార్. పెట్టినా. నాదే తప్పు. రాసిచ్చినా గదా, ఇంగ ఎందుకు అడుగుతారు."

అబద్ధం అలవాటు లేని మనిషి అబద్ధమాడితే ఎలా ఉంటుందో నరసింహులు చాలాసార్లు చూశాడు. ఇదీ అట్లాంటిదే. ఎవరి కోసమన్నదే తెలియలేదు.

లేవబోతుండగా మద్దిలేటే అడిగాడు. "సార్, గౌసియా ఎప్పుడు పోతాది ఇండియాకు?"

గౌసియా బీ ఖాసిం వలి భార్య. ఆ క్లబ్బులోనే ఊడ్చి తుడిచే పని చేస్తుంది.

"రేపు పదకొండింటి ఫ్లయిట్‌కు. శవం పెట్టెతో పాటు."

"రేపేనా." మద్దిలేటి భుజాలు కిందికి జారాయి. రెండు రోజులుగా మోస్తున్న మూట ఎవరో దించినట్టు ఊపిరి వదిలాడు. "మా రెడ్డెమ్మకు చెప్పండి సార్, అంతవరకూ ఆ యమ్మిని ఒంటిగా ఇడిసిపెట్టొద్దని."

నరసింహులు ఆ భుజాలనే చూస్తూ నిలబడ్డాడు. తన సంగతి అడగలేదు. భార్య రెడ్డెమ్మ ఎలా ఉందని అడగలేదు. చనిపోయినవాడి పెళ్ళాం ఎప్పుడు దేశం దాటుతుందని అడిగాడు.

సబ్హాన్ వర్క్‌షాపుకు చేరేసరికి తొమ్మిదీ నలభై. మధ్యాహ్నం నమాజు బాంగు వినపడే లోపల చూసి వెళ్ళాలి, ఏదీ బయటికి తీసుకుపోకూడదు, ఒక పోలీసు దగ్గరుంటాడు. అనుమతి అంతవరకే. ఆ పోలీసు కుర్రవాడు వాకిట్లో నిలబడి ఫోను చూసుకుంటున్నాడు.

లోపల మునాఫ్ ఉన్నాడు. హైదరాబాదు మనిషి, క్లబ్బు సేఫ్టీ ఆఫీసరు. ఇస్త్రీ చొక్కా, నడుముకు తాళాల గుత్తి. ప్రమాదం మీద రిపోర్టు రాసింది అతనే.

"ఆయియే, హెడ్ కానిస్టేబుల్ సాబ్. వాడే ఒప్పుకున్నంక ఇంకేం దేవులాడుతవ్?"

"చూసి రమ్మన్నారు. చూసిపోతా."

"చూడు, చూడు. ఊర్ల నాటు తుపాకులు చూసిన కండ్లు గదా. ఇవి వేరే ఉంటయ్."

నరసింహులు కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. బల్ల అద్దంలా ఉంది. యాభై గుంటల చెక్క, చిన్న టార్చి, ఎలక్ట్రానిక్ త్రాసు, అన్నీ వాటి వాటి చోట ఉన్నాయి. మునాఫ్ అల్మారా తాళం తీశాడు. లోపల మాగ్నం తూటాలకు వాడే మందు డబ్బా ఒక్కటే ఉంది. డబ్బాకు చిన్న కాగితం అంటించి ఉంది. మద్దిలేటి రోజూ సాయంత్రం డబ్బాను త్రాసులో పెట్టి, ఎంత తూగిందో దాని మీద తెలుగు అక్షరాలతో రాసుకునేవాడు. గురువారానికి ఎదురుగా మూడువందల ఎనభై గ్రాములని ఉంది. శుక్రవారం సెలవు. శనివారం ఖాళీ. ఆదివారం దగ్గర ఏదో రాసి, కనపడకుండా పెన్నుతో గట్టిగా కొట్టేసి ఉంది.

"శనివారం ఎందుకు రాయలేదు?"

"ఫైర్ ఇన్‌స్పెక్షనోళ్ళు పదకొండింటికి వచ్చిన్రు. పొద్దుగాల ఈ డబ్బా నేనే తీసిచ్చిన, వాడి పని పదీ నలభైకే అయిపోయింది. బయటికి పో అన్న, అల్మారాకు తాళమేసిన. గంతే."

నరసింహులు పోలీసును లోపలికి పిలిచి, చూడమని చెప్పి, డబ్బాను త్రాసు మీద పెట్టాడు. నాలుగువందల ముప్పై చూపించింది.

ముగ్గురూ ఆ అంకెను చూశారు. గురువారం తర్వాత ఈ డబ్బాలోంచి యాభై తూటాలు నింపారు. నింపితే డబ్బా తేలిక కావాలి. ఇది బరువెక్కింది.

"త్రాసు ఖరాబైంది," అన్నాడు మునాఫ్.

త్రాసు పక్కనే దాన్ని సరిచూసుకునే తూకం రాయి ఉంది. నరసింహులు మాట్లాడకుండా దాన్ని పెట్టి చూపించాడు. గ్రాము తేడా లేదు.

తర్వాత తెల్ల కాగితం ఒకటి అడిగి, దాని మీద చిటికెడు మందు పోశాడు. బూడిదరంగు గింజలు, అన్నీ గుండ్రంగా, ఒకే రంగులో ఉన్నాయి. లైటు వేసి గుల్లలోకి తొంగి చూసినా ఏ తేడా కనపడదు. అతను కాగితం అంచుల్ని రెండు చేతులతో పట్టుకుని, కొద్దిగా వంచి, చేటలో బియ్యం చెరిగినట్టు మెల్లగా ఎగరేశాడు. నాలుగు ఎగరవేతలకు గింజలు రెండు పాయలయ్యాయి. పెద్దవి ముందుకు దొర్లాయి. నూకల్లాంటి సన్నవి వెనకనే నిలిచిపోయాయి.

పోలీసు ఫోను తిప్పి ఫోటో తీసుకున్నాడు.

"అల్మారా తలుపు మీద చీటీలో రెండు మందుల పేర్లు ఉండాయి," అన్నాడు నరసింహులు. "ఇది నిదానంగా కాలేది. తేలిక తూటాలకు వాడే రెండోది గబుక్కున మండేది. రెండూ ఒక చోట చేరితే గుల్లలో ఎత్తు మారదు గానీ పేలుడు మారిపోతాది. రెండో డబ్బా యాడ?"

"అయిపోయింది. పారేసినం."

నరసింహులు చేతులు కడుక్కోవడానికి మూలనున్న సింకు దగ్గరికి వెళ్ళాడు. కింద నేల తుడిచే గుడ్డలు, బ్రష్షులు ఉన్నాయి. వాటి వెనక అల్మారాలో ఉన్నదాని కవలలాంటి డబ్బా ఒకటి కూర్చుని ఉంది. అదే రంగు, అదే మూత. సగం గీకేసిన లేబులు. మూత తీస్తే లోపల సబ్బు పొడి.

ఏ క్లబ్బు ఆఫీసరూ ఖాళీ డబ్బాను ఇంత శుభ్రంగా కడగడు. ఎండబెట్టి సబ్బు పొడి పోసుకోడు. గట్టి డబ్బాను పారేయడానికి చేతులు రాని ఇంటి ఆడమనిషి చేసే పని ఇది. గుప్పెడు మిగిలినదాన్ని కొత్తదాంట్లో కలిపి, డబ్బా కడిగి పెట్టుకునే చెయ్యి ఇది. నరసింహులు మూత పెట్టేశాడు. మద్దిలేటి భుజాలు ఎందుకు దిగాయో అతనికి అర్థమైంది. ఆదివారం రివాల్వర్ పేలాక ఆ మనిషి ఇక్కడికి పరుగెత్తుకొచ్చి, అల్మారా తీయించి, డబ్బా తూచి ఉంటాడు. అంకె రాసుంటాడు. ఈ సింకు కింద చూసుంటాడు. అంకె కొట్టేసి, పోయి ఒప్పుకున్నాడు.

"శుక్రవారం సెలవు. తాళం నీ నడుముకే ఉంటాది. శుక్రవారం ఈ అల్మారా ఎవురు తెరిచినారు?"

"తెల్లారితే ఇన్‌స్పెక్షన్ ఉండె. సాఫ్ చెయ్యమన్న."

"ఎవుర్ని?"

మునాఫ్ వాకిలి వైపు చూసి, దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నీకు తెలిసిపోయింది. మళ్ళ నా నోట ఎందుకు? సునో భాయ్. రేపు ఆమె పెట్టెతోని పోతది. కాగితాలన్నీ నేనే చేయించిన. మద్దిలేటి ఒప్పుకున్నడు. ఖలాస్. నువ్వు నోరు తెరిస్తే ఆమె ఈడనే ఆగిపోతది. నీ మొగుణ్ణి నువ్వే చంపుకున్నవమ్మా అని చెప్తవా? ఆమె మొఖం చూసి చెప్తవా?"

"మందు అల్మారా తాళం ఊడ్చే మనిషి చేతికిచ్చింది నువ్వు."

"తాళమిచ్చిన. కలపమన్ననా?"

"చదువురాని మనిషికి ఆ రెండు డబ్బాలకూ తేడా ఏం కనపడతాది?"

"గదే అంటున్న. ఆమె తప్పు లేదు, నా తప్పు లేదు. ఎవడో ఒకడు మోస్తాన్నడు గదా, మొయ్యనియ్యి."

నరసింహులుకు అతన్ని కొట్టాలనిపించింది. కొట్టే వయసు దాటిపోయింది. పోలీసుకు చెప్పి అల్మారాకు, సింకు కింది డబ్బాకు సీలు వేయించి, కాగితం మీద టైము రాయించాడు. పదకొండూ ముప్పై అయిదు.

"పోలీసు సీలేసుకుంటే ఏమైతది," వెనకనుంచి అన్నాడు మునాఫ్. "చెప్పే నోరు రేపు విమానం ఎక్కుతది."

అది నిజమే. ఎవరు కలిపారో చెప్పే మనిషి లేకపోతే, ఆ మందు కలిపింది కూడా మద్దిలేటే అంటారు. ఒప్పుకోలు ఎట్లాగూ ఉంది.

దజీజ్ గోడౌన్ల వెనక ఒక పాత బిల్డింగులో ఖాసిం వలి గది. చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు. రెడ్డెమ్మ పక్కగది పొయ్యి మీద అన్నం, పప్పు, వంకాయ కూర వండి తెచ్చి పెట్టింది. ఆమె సల్వాలో ఒక ఇంట్లో పని చేస్తుంది. మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలిని బతిమాలి రెండు రోజులు సెలవు తెచ్చుకుంది.

నరసింహుల్ని వాకిట్లోనే ఆపి మెల్లగా అంది. "వచ్చిన ఆడోళ్ళు నన్ను చూసి గడప కాడినుంచే తిరిగి పోతాండారు సార్. మొగుణ్ణి చంపినోని పెండ్లాన్ని ఇంట్లో పెట్టుకుంటారా అంటాండారు. పోతానంటే గౌసియా కొంగు ఇడిసిపెట్టదు."

గౌసియా బీ గోడకానుకుని కూర్చుని ఉంది. అతన్ని చూసి కొంగు సర్దుకుంది.

"అన్నా, మద్దిలేటన్నను చూసినారా? తింటాండాడా?"

"తింటాండాడమ్మా."

"నాకు ఆయన మీద కోపం లేదని చెప్పండి. పొరపాటు ఎవురికన్నా అవుతాది. మా ఆయనా ఉంటే అదే చెప్పేటోడు."

నరసింహులు చాప మీద కూర్చున్నాడు. దారంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ పనికిరాలేదు. చివరికి ఉన్నది ఉన్నట్టు అడిగాడు. "శుక్రవారం వర్క్‌షాపుకు పోయినావా తల్లీ?"

"పోతి. మునాఫ్ సార్ తాళమిచ్చినాడు. ఎనిమిదికి పోయి పదికి వచ్చేస్తి. అల్మారాలో రెండు డబ్బాలు తెరిచి ఉండాయి, ఇన్‌స్పెక్షనోళ్ళు చూస్తే బాగుండదు, నీటుగా చెయ్యి అన్నాడు. ఒక దాంట్లో అడుగున రవ్వంత ఉండె. రెండోదాంట్లోనూ అదే ఉండాది, అదే రంగు. మద్దిలేటన్న గింజ కింద పడినా ఏరుకునే మనిషి గదా. పారేస్తే మనసు కష్టపెట్టుకుంటాడని దాంట్లో పోసి మూత పెట్టినా. ఖాళీ డబ్బా కడిగి..."

ఆమె ఆగిపోయింది. రెడ్డెమ్మ చేతిలోని గంటె గిన్నె అంచుకు తగిలి ఖణేలుమంది. ఆరేళ్ళుగా ఫోనులో మొగుడు చెప్పే జాగ్రత్తలు విన్న ఆడమనిషి. రెండు మందులు ఒక చోటికి రాకూడదని ఆమెకు తెలుసు.

"ఏమక్కా? ఏమన్నా తప్పు చేస్తినా?"

రెడ్డెమ్మ గోడ వైపు తిరిగింది. గౌసియా నరసింహుల్ని చూసింది.

"ఆ రెండూ ఒకటి కాదమ్మా," అన్నాడు అతను.

గౌసియా ఏడవలేదు. లెక్క తేలని దాన్ని మళ్ళీ మొదటినుంచీ చూసుకుంటున్నట్టు కనుబొమలు ముడిచింది.

"మొదటి రెండూ బాగానే పోయినాయంట గదా."

"పోయినాయి."

"అయితే మూడోదాంట్లో నేను పోసింది ఎక్కువ పడింది."

అతను తల వంచుకున్నాడు.

"మద్దిలేటన్నకు తెలుసా?"

"తెలుసు. తెలిసే ఒప్పుకున్నాడు."

రెడ్డెమ్మ గిర్రున ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగా ఉంది. "నువ్వు పో గౌసియా. రేపు ఎక్కి పో. ఆ యప్ప మోస్తానని ఎత్తుకున్నాడు. నేనేమీ వినలేదు. ఈ అన్నా వినలేదు. ఏమన్నా, అంతే గదా?"

నరసింహులు గౌసియా వైపు తిరిగాడు.

"ఎన్నేండ్లు ఏస్తారు ఆయనకు?" గౌసియా అడిగింది.

"మూడు. ఎక్కువైనా కావచ్చు."

"నేను చెబితే?"

"నిన్నూ లోపల పెట్టొచ్చు. తాళమిచ్చినోన్ని వకీలు గట్టిగా పట్టుకుంటాడు. అయినా ఇంతే జరుగుతాదని నేను మాట ఇయ్యలేను తల్లీ. రేపటి పెట్టె మాత్రం నీకోసరం ఆగదు."

ఫోను మోగింది. మునాఫ్. గౌసియా స్పీకరు పెట్టి చాప మీద ఉంచింది.

"పొద్దుగాల ఏడింటికి బండి పంపుత. తయ్యార్ ఉండు."

"బండి వద్దు సార్. నేను పోను. ఈడ ఉండే మా మరిది ఆసిఫ్ తీసుకపోతాడు ఆయన్ను."

"ఆ కానిస్టేబుల్ వచ్చిండా? చూడు బేటీ, నీ ఇఖామా కాన్సిల్ అయింది, ఈడ ఉండే కాగితం లేదు నీకు. రేపు పోకపోతే ఎల్లుండి నిన్ను దొంగ లెక్క పట్టుకుంటరు. గది ఖాళీ చేయిస్తరు. యాడ ఉంటవ్?"

"ఈ పొద్దు నాలుగింటికి స్టేషన్ కాడికి పోతాండాను సార్. మీరూ రండి. తాళం సంగతి నాకు సరిగా చెప్పడం రాదు."

ఫోను తనే కట్ చేసింది. రెడ్డెమ్మ ఆమె పక్కన కూలబడింది.

"మొగుడు పోయినాక ఇద్దత్ దినాల్లో గడప దాటకూడదంటారు గదే. ఆ యప్పను మట్టిలో పెట్టేటప్పుడు చివరిసారి మొగమన్నా చూడవా?"

"ఏ మొగం పెట్టుకోని చూసేదక్కా."

అప్పుడు సమయం ఒకటీ యాభై. నాలుగింటికి ఇంకా టైముంది. గౌసియా లేచి, చేతులు కడుక్కుని వచ్చి, మూడు ప్లేట్లు పరిచింది. గంటె రెడ్డెమ్మ చేతిలోంచి తీసుకుంది. ముందు రెడ్డెమ్మకు వడ్డించింది. తర్వాత నరసింహులుకు. ఆఖరికి తన ప్లేటులో రెండు ముద్దలంత పెట్టుకుంది. రెడ్డెమ్మ ఆ ప్లేటు చూసి, ఇంకో గంటెడు అన్నం వేసి, పప్పు పోసింది. గౌసియా వద్దనలేదు.

అన్నం ఎప్పుడో చల్లారిపోయింది. ముగ్గురూ తిన్నారు.